రాళ్లవాన మరుసటి పొద్దు

చైత్రం. పలమనేరు పక్క ఎండ
అప్పటికే కొడవలి పదును పట్టింది.
టమాటా మూడో కోతకు సిద్ధంగా ఉండింది.
మద్దేనం మూడింటికి పడమటి గుట్ట మీద ఆకాశం
దెబ్బ తగిలి కమిలిన తోలు రంగుకు తిరిగింది.

మొదటిది మోటారు షెడ్డు రేకు మీద పడింది.
ఎవరో రాయి విసిరినారనుకుని
"ఎవుర్రా అది" అని అరిచినాను.
నోరు మూసేలోగా
మబ్బు మబ్బంతా జవాబు చెప్పింది.

ఇరవై నిమిషాలు.
నేనూ నా కోడలు సుగుణా
టమాటా బాక్సులు నెత్తిన బోర్లించుకుని గెనిమకు ఆనుకున్నాం.
బాక్సు కంతల్లోంచి చూస్తా ఉంటే
చేను తెల్లబడింది.
నిమ్మకాయంత గడ్డలు, రాగిముద్దలు దొర్లినట్టు.

నిలిచినాక వాసన లేచింది,
పచ్చి టమాటా ఆకు నలిగిన వాసన.
మల్చింగు షీటు జల్లెడ.
కర్రలకు కట్టిన పురికొసలు మాత్రం
గట్టిగానే ఉన్నాయి,
పట్టుకునేదానికి ఏమీ లేకుండా.
తోపులో తోతాపురి పిందెలు మోకాటి లోతు.
మనవడు రాళ్లు ఏరి గ్లాసులో వేసుకొచ్చి
చక్కెర అడిగినాడు.
కొట్టబోయి, వేసినాను.

తెల్లారింది నాకు తెలియలేదు.
మా చేలో గడియారం కౌజులు.
తుమ్మపొద కింద ఒకటి మొదలుపెడితే
వంకలోంచి ఇంకోటి, గుట్ట మీంచి ఇంకోటి,
బాకీ వసూలుకొచ్చిన వాళ్లలాగా
తలుపు తీసేదాకా విడవవు.
ఆ పొద్దు ఎవరూ రాలేదు.

చెంగల్రాయుడు వచ్చినాడు, గోనెసంచి పట్టుకుని.
ఉచ్చులేసి కౌజులు పట్టిన మనిషి.
నోటితో కూస్తే పుంజులు పోట్లాటకొచ్చేవి.
జరిమానా కట్టినాక మానుకున్నానంటాడు,
ఊళ్లో ఎవరూ నమ్మరు.
"ధనమ్మక్కా, వంక పొడుగునా ఏరినా. పద్దెనిమిది."
సంచి విప్పినాడు.
ఒక పెట్ట రెక్కలు విప్పుకునే బిగుసుకుపోయింది.
ఇంత తేరగా దొరికింది కదా, కూర వండలేదేమని
నేను అడగలేదు.
తనే చెప్పినాడు:
"నేను పట్టినవి కాదు కదక్కా."

పెట్ట కింద ఏడు గుడ్లంట.
పగలనివి నాలుగు, లుంగీ మడతలో.
గంప కింద పొదుగుతున్న నా కోడి
వాటిని ముక్కుతో పొడిచి చూసి
లోపలికి లాక్కునింది.

వీఆర్వో ఖాదర్‌వలి సారు మూడో రోజు వచ్చినాడు.
ఎన్ని చెట్లు, ఎన్ని కాయలు, శాతం ఎంత.
నేను సొసైటీ అప్పు చెప్పినాను, మందుల బాకీ చెప్పినాను.
పొద దగ్గర కొత్తగా పూడ్చిన మన్ను చూసి
"అదేందమ్మా" అన్నాడు.
"కౌజులు సార్."
పెన్ను గాల్లో ఆగింది.
"మా నాయన వీటి కూతకే నమాజుకు లేచేవాడు" అని
మళ్లీ టమాటా లెక్కకు వంగినాడు.

డబ్బులు వస్తాయన్నారు. ఇంగా అంటానే ఉన్నారు.
వేరుశనగ విత్తితే
నాకంటే ముందు చెదలు వచ్చినాయి.
ఏరి తినే ముక్కులు మన్నులో ఉన్నాయి కదా.

గుడ్లలో రెండు పిల్లలైనాయి.
చింతగింజలంత పిల్లలు, కాళ్లు తప్ప ఏమీ లేవు.
మూడోనాడు గంప ఎత్తితే
పొదల్లోకి పరుగు.
కోడి రెండు రోజులు దొడ్డంతా పిలిచింది,
తరువాత మేతకు పోయింది.

ఆ శ్రావణంలో ఒక వేకువ
వంక దిక్కునుంచి కూత వినిపించింది.
సగంలో తెగి, మళ్లీ మొదలై,
గొంతు ఇప్పుడే నేర్చుకుంటున్నట్టు.
పిట్టో, చెంగల్రాయుడో,
నేను ఇంతవరకు అడగలేదు.
లేచి మోటారు వేసినాను.