చూడకుండా గీసిన నది

ఫ్రిజ్ తలుపు మీద రెండు కాగితాలు.
పసుపుది: కిడ్నీ కోర్సు, తిరిగి పరీక్ష, జూన్ పద్దెనిమిది.
తెల్లది: లైసెన్సు పరీక్ష, జూలై రెండు, ఉదయం ఎనిమిదింటికి.
రెంటినీ ఒకే అయస్కాంతం మోస్తోంది,
నానమ్మ కొన్న చేప, ఒక రెక్క విరిగినది.

డెబ్బై రావాలి. అరవై ఎనిమిది వచ్చాయి.
ఆ రెండు మార్కులు ఎక్కడ రాలాయో నాకు తెలుసు.
పైకెక్కే గొట్టంలో ఉప్పు బయటికి పోతుంటే
నీళ్ళేం చేస్తాయని అడిగారు.
వెంట వెళ్తాయని రాశాను.
వెళ్ళవు.

డాక్టర్ క్రోల్ పేపరు నా వైపు తిప్పి
"ఐలీ, నువ్వు తెలివితక్కువదానివి కాదు" అన్నారు.
ఆ మాట పైకి అనవలసి వచ్చింది కదా అని
ఇంటిదాకా బస్సులో అదే నమిలాను.

పొద్దున పసుపు. మధ్యాహ్నం తెలుపు.
రాత్రి పదకొండు దాటాక ఏ రంగో తెలీదు.
గుండె ప్రశ్నకి కిడ్నీ జవాబు పెడతాను.
కిడ్నీ దగ్గర కుదురుకునేలోపు
ఎముకల మీద నలభై ప్రశ్నలు బాకీ అంటూ
ఫోను తలుపు తడుతుంది,
మర్యాద తెలిసిన అప్పులవాడిలా.

రెండు పడవల మీద కాళ్ళు అంటారే,
డులూత్‌లో ఆ మాట తేలిగ్గా అనకూడదు.
ఇక్కడ పడవంటే వెయ్యి అడుగుల ఇనుము.
మధ్యలో సుపీరియర్ సరస్సు,
మే నెలలో కూడా ఎముక కొరికే నీళ్ళు.

తప్పినవాళ్ళం ముగ్గురం.
థియో డబ్బు కట్టి లైసెన్సు పరీక్ష వెనక్కి జరుపుకున్నాడు,
అందరికీ కాఫీ కూడా పోయించాడు,
మర్నాటి నుంచి లైబ్రరీలో కనపడలేదు.
ఇఫ్రా జరపలేదు. అక్క కొడుకుని ఒళ్ళో వేసుకుని
పాలసీసా చల్లారేలోపు
ఆమ్లం క్షారం లెక్క ఒకటి తేల్చేస్తుంది.
నేను రోజూ ఆ వాయిదా పేజీ తెరుస్తాను,
తేదీ ఎంచుకుంటాను,
మూసేస్తాను.

నాన్న ఫోను చేసేసరికి ఆయన ఓడ
సూ లాకుల దగ్గర వరసలో నిలబడి ఉంది.
ఎప్పట్లాగే వాతావరణంతో మొదలుపెట్టాడు.
పొగమంచట. ముందున్న ఓడ కనపడటం లేదట.
మూడు వారాలు దాచింది
ఒక్క గుక్కలో కక్కేశాను.
అవతల చాలాసేపు ఇంజను మాత్రమే మాట్లాడింది.

"పైలట్ పరీక్షకి
సెయింట్ మేరీస్ నదిని చూడకుండా గీయాలి.
తెల్లకాగితం ఇస్తారు.
ప్రతి వంపూ, ప్రతి దీపమూ, ఎక్కడ ఎంత లోతో.
నేను ఒక బోయా మరిచిపోయాను."
"అయితే?"
"మళ్ళీ గీయమన్నారు. ఆ బోయా ఒక్కటే కాదు,
నది మొత్తం."
"గీశావా?"
"గీశాను. ఈసారి ఇంకో బోయా మరిచిపోయాను."
నవ్వాడో దగ్గాడో, లైను పోయింది.
మూడోసారి సంగతి
నేను అడగనేలేదు.

ఆ రాత్రి పిజ్జా పెట్టె మూత చింపి
నెఫ్రాన్ గీశాను, పుస్తకం బోర్లించి.
రక్తనాళాల ఉండ. మెలికలు.
కిందికి దిగే సన్నని వంపు.
పైకెక్కే మందపు గోడ.
అక్కడ పెన్ను ఆగింది.
ఇక్కడ ఉప్పుకి తలుపుంది, నీళ్ళకి లేదు.
అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను,
అరవై ఎనిమిదికీ డెబ్బైకీ మధ్య ఉన్నన్ని.

పుస్తకం తిప్పి చూస్తే
గోడ సరిగ్గానే ఉంది.
మాక్యులా డెన్సా పెట్టడం మరిచిపోయాను.

రెండింటికి రేవులో ఏదో ఓడ కూత వేసింది,
వంతెన బదులిచ్చింది.
ఫ్రిజ్ మీద చేప కింద తెల్లకాగితం కొంచెం జారింది.
సర్దలేదు.
పెట్టె మూత వెనక్కి తిప్పాను.
ఆ వైపంతా నూనె మరక.
దాని పక్కనుంచి గీయాలి.