ఎదుటి పేజీ

చిత్తూరు బెల్లం మండీ వాళ్ళు
ఏటా జనవరిలో పంచే డైరీ నాది.
అట్ట మీద వాళ్ళ ఫోన్ నంబరు,
లోపల రోజుకో పేజీ, పేజీకో రాహుకాలం.
నలభై మూడేళ్ళుగా
దాని పక్కనే నా కాలం కూడా రాసుకుంటున్నాను.

మొదటిది పద్దెనిమిదో ఏట.
గ్రీమ్స్‌పేటలో అద్దె గది, ఒకటే కిటికీ,
కిటికీ నిండా పక్కింటి గోడ.
ఆ గోడనే బొమ్మ వేశాను. కింద నాలుగు పంక్తులు.
పద్యమని అప్పుడు అనుకున్నాను.

తర్వాత ఒక్క రోజూ తప్పలేదు.
పద్యం రాని రోజు టమోటా ధర రాశాను.
బొమ్మ కుదరని రోజు
బొటనవేలికి సిరా పూసి అద్దాను, ఉన్నానని.
ఎనభై ఏడును సగం చీమలు తినేశాయి,
బెల్లం వాసన పోలేదు కాబోలు.
తొంభై నాలుగు మార్చిలో ఒకచోట వసుంధర రాత:
"బియ్యం అయిపోయినాయి. ఇది కూడా రాసుకో."
ఆమె పోయిన రోజు పేజీలో
ఆసుపత్రి గోడగడియారం ఉంది.
ముళ్ళు వెయ్యలేదు.

ఇప్పుడుండేది నీవా ఒడ్డున.
ఏడాదంతా ఇసుకా, పందులూ, తుమ్మకంపా.
మొన్న కార్తీకంలో ఒక రాత్రి
తాను నదినని దానికి గుర్తొచ్చింది.
రేకు పెట్టె మంచం కిందే ఉండింది.
పొద్దున మూత తీస్తే
ఇరవై ఏళ్ళు ఒకదానికొకటి అతుక్కుని
బురద నీళ్ళు కారుస్తున్నాయి.

మిద్దె మీద వసుంధర పాత చీరలు పరిచి
ఒక్కో డైరీ తెరిచి
అంచులకు గులకరాళ్ళు పెట్టాను.
సిరా కదిలి
సోమవారం బొమ్మ మంగళవారం మీద పడింది.
మంగళవారం మాటలు తిరగబడి సోమవారంలో దూరాయి.
ఏ పాల లెక్క ఏ చావు పక్కన రాశానో
నాకే తెలియలేదు.

పక్కన రేకులింట్లో ఉండే దేశమ్మ
తడిసిన బొంతలు ఆరేసుకోను మా మిద్దెక్కింది.
డైరీల మధ్య కాలు పెట్టబోయి
ఆగిపోయింది.

రెండువేల ఒకటి, ఆగస్టు పదమూడు.
సంతపేట మలుపులో గొడుగులు బాగుచేసే ఏకాంబరం.
గోనెపట్టా, విరిగిన ఊచలు,
కుడి చేతిలో పట్టకారు.
ఆ చేతి నరాలు చూసి
తిరుపతి నుంచి వచ్చిన ఒక పెద్దాయన
డైరీని కళ్ళకద్దుకున్నాడు ఒకసారి.

ఆమె దాన్ని చూడడం లేదు.
ఎదుటి పేజీలో
పద్నాలుగో తారీఖు పాల లెక్క మీద
నీలంగా అలుక్కుపోయిన మరకను చూస్తోంది.
"ఈయనే సామీ మా ఆయన."

అది మరక, బొమ్మ ఇది, అన్నాను.

"అది ఎవురో. మాయాయనది ఎడం చెయ్యి.
ఆ చేత్తో కూడు తింటాడని
వాళ్ళమ్మ వాతలు పెట్టిందంట చిన్నప్పుడు.
అయినా మానల్యా."

ఆ రోజు గంటసేపు ఆయన ఎదురుగానే నిలబడ్డాను,
కర్ర ఊడిన గొడుగు పట్టుకుని.
రాత్రి ఇంటికొచ్చి
గుర్తున్నది గుర్తున్నట్టే వేశాననుకున్నాను.
ఆ నరాలు, ఆ పట్టు, ఆ బొటనవేలి వంపు
నావి.
నా చేతిని చూసుకుంటూ వేశాను.

ఫోటో ఒకటీ లేదంట ఆయనది.
నలభై మూడేళ్ళలో ఒక్క పేజీ చింపనివాణ్ణి,
చింపిస్తానన్నాను.
"పాల లెక్క ఉండాది కదా సామీ, మీకు కావాల,"
అనేసి బొంతలు దులుపుకుంటూ పోయింది.
డైరీ ఆరిందాకా మాత్రం
రోజూ పైకొచ్చి, వొంగి చూసి, దిగిపోయింది.

ఆ రాత్రి బొమ్మ వెయ్యలేదు.
కలం ఎడం చేతికి మార్చి తేదీ రాశాను.
అంకెలు బడి ఎగ్గొట్టిన పిల్లల్లా
గీత దాటి పోయాయి.
టమోటా కిలో ముప్పై రెండు, అని రాసి
పక్కన
ఒక ప్రశ్నార్థకం పెట్టాను.