పోయకుండా పెరిగిన ఆయిలు

రాయగడలో గుణుపురం రోడ్డు మొదట్లో
రేకుల షెడ్డు నాది.
బోర్డు మీద ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి
'పంపు పని' అని ఉంటుంది.
రెండు చోట్లా రంగు ఒకేలా వెలిసింది.

శ్రావణం ముసురులో,
పేపరు మిల్లు దగ్గర నీలగిరి దుంగలు దింపేసి
ఖాళీగా వచ్చింది కామేశం గారి పన్నెండు పది.
ఆ బండికి నా కూతురి కన్నా వయసెక్కువ.
పంపు కింద, సైకిలు ట్యూబు ముక్కతో
ఎవరో క్వార్టరు సీసా కట్టారు.
చుక్క.
కాసేపు.
చుక్క.

"లీటరుకి ఐదిచ్చే బండి
మూడున్నరకి దిగిపోనాది.
పంపు సంగతి తర్వాత, దొంగ మాత్రం ఈడే"
అని క్లీనరు గుంటణ్ణి చూపించాడు కామేశం.
కద్రక బినో. కొండ మీది కుర్రాడు.
వాడిది లారీ తెలుగు:
రానీ, ఆపు, తాడు బిగించు, రాయి పెట్టు.
'నేను కాదు' అనడానికి కావాల్సిన మాటలు
వాడికింకా ఎవరూ నేర్పలేదు.

పంపు విప్పేటప్పుడు నేనెవరితోనూ మాట్లాడను.
ముందు బ్రష్షుతో, డీజిలుతో కడిగాను.
కాశీపురం ఘాటీల ఎర్రమట్టి
చెక్కులు చెక్కులుగా ఊడింది.
ఫ్లాంజికీ ఇంజనుకీ కలిపి ఉలితో ఒకే గీత కొట్టాను,
తిరిగి బిగించేటప్పుడు
రెండు సగాలూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి కదా.
ఆరు గొట్టాలూ విప్పి
నోళ్ళలో ఉతికిన గుడ్డ కుక్కాను.
వెంట్రుకలో పదో వంతు ఇసక చాలు
ప్లంజరు బతుకు గీసుకుపోవడానికి.

బయటి లీకు తేలిగ్గానే దొరికింది.
నాలుగో డెలివరీ వాల్వు రింగు
పాత గాజులా పెళుసెక్కి పగిలింది.
కానీ ఈ చుక్కలకి
ఐదు మూడున్నర అవదు.
మునిగుడ నుంచి ఇక్కడిదాకా వస్తేగాని
ఆ సీసా నిండదు.

గేజి పుల్ల లాగాను.
గీత దాటి రెండు వేళ్ళెత్తు ఉంది ఆయిలు.
"ఎప్పుడు పోశావు?"
"చైత్రంలో" అన్నాడు డ్రైవరు, మీసం తుడుచుకుంటూ.
"నా ఇంజను ఆయిలు ముట్టదు సార్."

ఆయిలు తాగని ఇంజను ఉంటే ఉండొచ్చు.
పోయకుండా ఆయిలు పెరిగే ఇంజను
ఈ భూమ్మీద లేదు.

పుల్ల కొసని వేళ్ళ మధ్య రుద్ది
కామేశం ముక్కు దగ్గర పెట్టాను.
చారునీళ్ళంత పల్చన. డీజిలు కంపు.
ఫీడు పంపు కడ్డీ అరిగిపోయి
వారాల తరబడి లోలోపలికే కారుతోంది.
"బయటికి కారింది ఈడి సీసాలో ఉంది.
లోపలికి కారింది మీ ఇంజన్లో ఉంది.
ఇంకో నాలుగు ట్రిప్పులు తిప్పుంటే
బేరింగులు మీ చేతికొచ్చును."

కామేశం షెడ్డు లోపలే గొడుగు విప్పాడు.
గుంటడి వైపు చూడలేదు.
బిల్లెంతవుద్ది అన్నాడు.

కడ్డీ, రింగు బరంపురం బస్సులో వచ్చాయి మర్నాడు.
రాగి వాషర్లు పాతవే.
ఎర్రగా కాల్చి మగ్గునీళ్ళలో పడేస్తే
చుయ్యిమని మెత్తబడతాయవి.
ఇనుమైతే మొండికెత్తును.
బినో చేతికి పట్టకారు ఇచ్చాను.
నాలుగింట్లో ఒకటి జారి కాలవలో పడింది. పడనీ.

చేతిపంపు వాడే కొట్టాడు.
నురగ, బుడగలు, మళ్ళీ నురగ,
ఆపైన తేటగా డీజిలు.
సెల్ఫు కొడితే రెండుసార్లు దగ్గి
తెల్లగా పొగ ఊది, పట్టుకుంది.
వాడి వేలు నాలుగో గొట్టం మీద పెట్టించాను.
టక్. టక్. టక్.
వాడి భాషలో ఏదో అన్నాడు.
నేను అర్థమడగలేదు.

సీసా విప్పుతుంటే డ్రైవరు చెప్పాడు:
మునిగుడ టీకొట్టు ముసలమ్మకిస్తాడట,
తడికర్ర రాజేసుకోడానికి.
బదులుగా రెండు వడలు.
పంపు కడిగిన డీజిలు డబ్బా అడుగున తేరుకుని ఉంటే
వడకట్టి నింపి ఇచ్చాను.

సీసా బొడ్లో దోపుకుని, బండెక్కుతూ
వెనక్కి తిరిగి లారీ తెలుగులో అడిగాడు:
"మళ్ళీ లీకు, ఎప్పుడు?"