తడి, పొడి

పరకాల చేన్ల కోసిన పత్తికట్టె నాలుగు రెమ్మలు,
కాయలు పగిలి, తెల్లగ.
నిరుటి గునుగు. రంగు ఇంక దిగలే.
ఏడాది దూలానికి తలకిందులుగ ఏలాడదీసింది ఓదెమ్మ,
‘నిలవెడితె మెడ వాలుస్తది’ అని.
తెల్లారంగ తెచ్చిన బంతులు, మంచు తుడవనివి.

హన్మకొండ బ్యాంకు కౌంటరు మీదికి ఒక్కటే ఇత్తడి చెంబు.

బంతులు తాగాలె.
గునుగు తాగొద్దు, తాగితె మురుగుతది.
చెంబులకు చూసుకుంట కూసున్న.

ఓదెమ్మ దగ్గుమందు సీసా కడిగింది,
నీళ్లు నింపి చెంబు నడుమ దించింది.
తడివి సీసాల, పొడివి చుట్టూత,
సందుల నిండ మానేరు ఇసుక.

పైకెళ్లి చూస్తె ఒకటే గుత్తి.
ఎవరికి దూపో, ఎవరికి దూప తీరిపోయిందో
పాసుబుక్కు పట్టుకొని నిలవడ్డోళ్లకు ఏం ఎరుక?

మూడోనాడు బంతులు మార్చవోయినం.
గునుగు కదిలితె
ఇసుకల రాలినయి గింజలు,
ఆవగింజల కన్న సన్నం, నల్లగ, మెరుసుకుంట.

పొడి దగ్గర సుక్క పడొద్దని
నన్నెన్నిసార్లు తిట్టిందో ఓదెమ్మ.

సీసాల మిగిలిన నీళ్లు
అటూ ఇటూ చూసి
ఇసుకల ఒంపింది.