గాలివాటం

కంచరపాలెంలో నా స్టూడియోకి
ఒక నీలం తెర, రెండు ప్లాస్టిక్ గులాబీలు, పళ్లు రాలిన దువ్వెన.
ఇరవై ఆరేళ్లు జనాన్ని కూర్చోబెట్టి
"గడ్డం కొంచెం పైకి" అన్నవాణ్ణి.
ఫోన్లొచ్చి ఆ కుర్చీని ఖాళీ చేశాక
నేనే లేచి కొండకి పోయాను
కూర్చోమంటే కూర్చోనివాళ్లని వెతుక్కుంటూ.

కంబాలకొండ వెనక, జీడితోట అంచున
లెంక పైడమ్మ కాపలా పాక.
మొదటిరోజే నన్ను వాసన చూసింది.
"ఏటి బాబూ, ఈ సెంటు?
పెళ్లికొడుకొచ్చినాడని కొండంతా సెప్పుకుంటాది.
ఎలుగ్గొడ్డుకి కళ్లు ఆనవు, ముక్కుతోనే సూస్తాది.
రేపు సబ్బు కూడా రాసుకోకు."

పగలు గాలి సముద్రం మీంచి కొండెక్కుతుంది.
రేవులో ఎండుచేపల కంపు, కంటైనర్ల డీజిలు, నా చెమట
అన్నీ ఒకే మూటగా పైకెళ్లిపోతాయి.
తెల్లవారుజామున తిరగబడుతుంది.
కొండ తన వాసనలు కిందికి వదుల్తుంది:
పండిన పనస, తడి రాయి, ఏదో జంతువు పడుకుని లేచిన గడ్డి.
"ఆ గంటన్నరే మనది" అంది.

పోయినేడు కాలనీలోకి ఓ ఎలుగు దిగితే
నలభై ఫోన్లు చుట్టుముట్టాయి.
నలభై బొమ్మలూ చూశాను.
అన్నిట్లోనూ ఒకటే, గోడకి ఆనుకున్న భయం.
అలాంటిది నాకొద్దు.

పదకొండు తెల్లవారుజాములు
ముంగిస తోకా, నా మోకాళ్ల మీద దోమలూ.
పన్నెండోనాడు ముందు చప్పుడొచ్చింది.
పెళ్లి పంక్తిలో ఆకు మీది పాయసాన్ని
చివరి చుక్కదాకా జుర్రే పెద్దమనిషి చప్పుడు.
చెదపుట్టకి మూతి ఆనించి
ఊదుతోంది, పీలుస్తోంది, మళ్లీ ఊదుతోంది.
వీపు మీద రెండు పిల్లలు
జూలు గుప్పిట్లో బిగించి,
ఒకటి నిద్రలో జారుతూ.

కెమెరాకి నలుపు అర్థం కాదు.
లెన్సు ముందుకి పోయింది, వెనక్కొచ్చింది,
గడ్డిని పట్టింది, కొమ్మని పట్టింది,
తల్లిని మాత్రం పట్టలేకపోయింది.
చీకట్లో ఇంకో చీకటి నడుస్తున్నట్టు.
దాని అంచుల చుట్టూ, దూరంగా, మధురవాడ దీపాలు.

హైవే మీద లారీ బ్రేకు కీచుమంది.
పిల్లలు జారి పుట్టమన్నులో పడ్డాయి.
తల్లి లేచింది, రెండు కాళ్ల మీద,
రొమ్ము మీద మజ్జిగ రంగు వంపు గీత.
గడ్డం తనే పైకెత్తింది,
నేనేమీ అనలేదు.

వేలు నొక్కాను. ఒక్కసారే.
టక్కుమన్న ఆ ఇంత శబ్దానికి
నా వైపు తిరిగింది.
భుజం మీద పైడమ్మ చెయ్యి, బండరాయిలా.
ఎంతసేపో చెప్పలేను.
గాలి ఇంకా మా పక్షానే ఉంది.
తర్వాత అది నన్ను లెక్కలోంచి తీసేసి
పిల్లల్ని తోసుకుంటూ తుప్పల్లోకి పోయింది.

చిన్న తెర మీద చూసుకున్నాం ఇద్దరం.
ఎలుగు ఓ మసిగుడ్డ మరక.
ముందున్న జీడాకు మాత్రం నరం నరం తేలి,
దాని మీద చీమ, చీమ కాళ్లతో సహా.
"ఆకు బాగా వొచ్చినాది" అంది పైడమ్మ.
కాసేపాగి,
"ఇన్నేళ్లకి దాని మొకం సూసినాను బాబూ.
ఎప్పుడూ పరిగెడతన్న ఈపే."

"నాకూ ఒకటి తీసీ, పింఛను కాయితానికి" అని
తలగుడ్డ విప్పింది.
తెల్లబండ ముందు నిలబెట్టాను.
ఎండ అప్పుడే కొండభుజం దాటుతోంది.
గడ్డం కొంచెం... అనబోయి ఆగిపోయాను.
నన్నూ లెన్సునీ చూడ్డం లేదామె.
మొహం సముద్రం వైపు తిప్పి
ముక్కుపుటాలు ఒకసారి ఎగరేసి అంది:
"గాలి మారతంది. తొరగా కానీ."