ఒక నిమిషంలో జంతువులు

డండీ. కొండ మీది ఆసుపత్రి, నాలుగో అంతస్తు.
కిటికీలో టే నది, ఇవాళ సీసం రంగు.
డాక్టర్ రాట్రే స్టాప్‌వాచీ నొక్కింది:
"ఒక్క నిమిషం. గుర్తొచ్చిన జంతువులన్నీ చెప్పండి."

కుక్క, పిల్లి, గుర్రం, ఏనుగు...
ఇంగ్లీషులో వరసగా బయల్దేరింది భ్రమర.
పదిహేడేళ్లు మందుల షాపులో
డాక్టర్ల కోడిగెలుకుడు రాతలు చదివి
మిల్లీగ్రాముల్ని నాలుక చివర పెట్టుకున్న మనిషి.
గొర్రె, అంది. కాసేపాగి మళ్ళీ గొర్రె.
తొమ్మిది దగ్గర దారి తెగింది.
పెదవులు కదులుతున్నాయి, మాట లేదు.

అప్పుడు
అడుగున ఎక్కడో మూత లేచినట్టు
ఉడుత, అంది. తొండ. ముంగిస.
అలుగు. దున్నపోతు. నక్క. ఎలుగ్గొడ్డు.
నల్లమల అంచున పుట్టిన పిల్ల
ఒక్కోదాన్నీ చెవి పట్టి లాక్కొచ్చి
ఆ తెల్ల బల్ల మీద నిలబెట్టింది.
రాట్రే పెన్ను ఆపి నా వైపు చూసింది.
చెప్పాను. అలుగు దగ్గర నేనూ ఆగిపోయాను,
ఇంగ్లీషులో దాన్నేమంటారో నాకూ రాలేదు.
ఈలోగా నిమిషం అయిపోయింది.
కాగితం మీద: తొమ్మిది.
పక్కన మార్జిన్లో, చిన్నగా: వేరే భాషలో ఏడు.

తర్వాత ఐదు మాటలు గుర్తుంచుకోమంది.
నిచ్చెన, గుండీ, నది, గొడుగు, మిరియం.
ఇరవై నిమిషాలకి మూడే తిరిగొచ్చాయి.

కింది అంతస్తులో పెద్ద డాక్టరు
పధ్నాలుగు నెలలు అన్నాడు.
వెంటనే, అది మధ్య సంఖ్య మాత్రమే అన్నాడు,
సగం మంది ఇవతల, సగం మంది అవతల.
నేను సర్వేయర్ని. నడిమి గీత ఎలా గీస్తారో తెలుసు.
గీత మీద ఎవరూ కాపురం ఉండరు.
ఇంకోటి కూడా చెప్పాడు, తను కోటు వేసుకుంటుండగా,
గొంతు తగ్గించి:
ఒక్కోసారి స్కానులో మచ్చ పెరక్కముందే
ఈ మార్కులు పడిపోతాయి. గమనిస్తూ ఉండండి.

గమనిస్తూ ఉన్నాను.
పోపులో ముందేం వెయ్యాలని అడుగుతాను, తెలియనట్టు.
బస్సులో పదమూడో ఎక్కం ఎత్తుకుని
ఏడో మెట్టు మీద కావాలనే తడబడి
అందుకుంటుందేమోనని చూస్తాను.
ఒక చిన్న పుస్తకం పెట్టాను: తేదీ, తప్పు.
ముద్దు పెట్టేటప్పుడు కూడా
ఎడమ కన్ను కాస్త ఆలస్యంగా మూసుకుందా
అని చూస్తున్నాను, సిగ్గు లేకుండా.

బుధవారం నాకు చారు పోస్తూ ఆగింది.
"తొంభై ఒకటి," అంది.
"పొద్దున బస్సులో అడిగావుగా.
పోపులో ఆవాలు. నీ పుస్తకం పంచదార డబ్బా వెనక.
ఎన్నొచ్చాయి నాకు?"

ముద్ద గొంతులో ఉండిపోయింది.
చారు ఉప్పు కషాయం. రెండుసార్లు వేసినట్టుంది.
చెప్పలేదు. రాసుకోనూ లేదు.
"ఇంకో గరిటె పొయ్యి" అన్నాను.

ఆ రాత్రి రెండింటికి మోచేత్తో పొడిచింది.
"గొడుగు," అంది చీకట్లోకి.
"గొడుగు, మిరియం. ఆ రెండూ."
పదకొండు రోజుల ఆలస్యం.
దీనికి మార్కులిచ్చే గడి ఆ కాగితంలో లేదు.
లైటు వేశాను ఎందుకో. మళ్ళీ ఆర్పాను.
బయట వాన, డండీ వాన, చప్పుడు లేకుండా తడిపేది.

"భ్రమరా, అలుగుని ఇంగ్లీషులో ఏమంటారు?"
ఈసారి నిజంగానే అడిగాను.
చాలాసేపు వెతికింది. ఊపిరి వినపడుతోంది.
"తెలీదు," అంది.
తర్వాత, నా వైపు తిరిగి, నవ్వు ఆపుకుంటూ:
"పిచ్చి మొహమా, అది నాకు ముందు నుంచీ తెలీదు."