మొదటి హెచ్చరికకి ఒక అడుగు తక్కువ

యానాంలో ఐసు ఫ్యాక్టరీ మీద మేడగదిలో
మంగళ, శనివారాలు
గాబ్రియేల్ మాస్టారు వాల్జు నేర్పుతారు.
కింద రొయ్యల పెట్టెల్లోకి ఐసు దబదబా పడుతుంటే
పైన పాత టేపురికార్డరు
ఒకటీ రెండూ మూడూ, ఒకటీ రెండూ మూడూ.

ఎదుర్లంక వంతెన దాటి స్కూటీ మీద వస్తాను.
ఉద్యోగం, కాలవ లాకుల దగ్గర గేజి చూడ్డం.
రాతి మీది తెల్లంకెల్లో నీళ్లు ఎందాకా ఎక్కాయో
పొద్దున్న ఆరింటికి ఫోన్లో చెబుతాను.
నా ఎత్తు మాత్రం నేనెవరికీ చెప్పక్కర్లేదు,
వాళ్లే చెబుతారు.
బస్సులో, రేషన్ షాపులో, ముక్కూమొహం తెలియని తాతగారు కూడా:
"అమ్మాయ్, అయిదూ పదకొండుంటావా?"
పెళ్లిచూపులప్పుడు మా పిన్ని నన్ను ముందే కుర్చీలో కూలేసి
చెవిలో అంది, వాళ్లు వెళ్లేదాకా లేవకు.
లేచాను. కాఫీ కప్పులు తియ్యాలి కదా.

నదికీ అడుగులే, మనిషికీ అడుగులే,
నాట్యానికీ అడుగులే.
ఒక్క మాటతో మూడు లెక్కలు తేల్చేసుకున్న భాష మనది.
నాకే ఏ లెక్కా తేలలేదు.

మొదట కొప్పనాతి వీర్రాజు గారు.
తెడ్డు పట్టిన చెయ్యి, తప్పని తాళం.
ఆయన ముక్కు నా మెళ్లో గొలుసుకి తగిలేది.
"కాస్త మోకాళ్లు వంచగలరాండీ" అన్నారు, ఎంతో మర్యాదగా.
వంచాను. మూడు వారాలు.
నాలుగో వారం చిప్ప కింద నొప్పి.
ఇన్నేళ్లుగా ఫొటోల్లో, గుమ్మాల్లో, స్నేహితురాళ్ల పక్కన
వంగిన వంపులన్నీ అక్కడే కాపురమున్నట్టు.

తర్వాత కాకినాడ నుంచి బ్యాంకాయన. ఆరూ రెండు.
మాస్టారు మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి
కొత్త కాడెద్దుల్ని చూసిన రైతులా మురిసిపోయారు.
ఈడూ జోడూ అంటే ఇదే కాబోలనుకున్నా.
ఆయన నన్ను తిప్పిన తీరు
సందులో లారీని వెనక్కి తీస్తున్నట్టు.
"రానీ, రానీ" అన్న కేకొకటే తక్కువ.
ఎత్తు సరిపోయింది.
ఇంకేమీ సరిపోలేదు.

రెండు నెలలు గోడవార కుర్చీలో కూర్చున్నా.

పల్లాలు పైకొచ్చింది ఒక శనివారం,
కూలీ లెక్కలో తేడా వచ్చిందని మేనేజర్ని వెతుక్కుంటూ.
కింద షెడ్డులో రొయ్యలు ఒలిచే మనిషి. నాలుగూ పది.
నిమ్మచెక్కతో ఎంత రుద్దుకున్నా పోని వాసన చేతులు.
మేనేజరు లేడు. పాట ఉంది. నిలబడిపోయింది.

"ఈవిడతో వెయ్యి" అన్నారు మాస్టారు నాతో,
"కానీ నువ్వు మగాడి అడుగు వెయ్యాలి."
పల్లాలు అడ్డం పడింది.
"ముందుకేస్తే ముందడుగు, వెనక్కేస్తే వెనకడుగు.
ఇందులో మగాడెక్కడున్నాడండీ?"
మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు.

నా చెయ్యి ఆవిడ వీపు మీద.
ఆవిడ చెయ్యి నా భుజందాకా రాక మోచేతి పైన ఆగింది.
ఒక అడుగూ ఒక అంగుళం తేడా.
ఆవిడ తల మీదుగా గదంతా కనిపించింది నాకు,
కుర్చీలు, వీర్రాజు గారి మడమలు,
కిటికీ అవతల గౌతమి మీద ఒక పడవ దీపం.
ఇద్దరి కోసమూ ఒకరు చూస్తే చాలని
అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.
ముప్పైనాలుగేళ్లకి నిటారుగా నిలబడ్డాను.
ఆవిడకి కనిపించేది నా కుర్తా రెండో గుండీ ఒక్కటే.
"ఊడేలా ఉందండీ" అంది, మలుపు మధ్యలో.
మంగళవారం సూదీ దారం తెచ్చింది.

ఒకటీ రెండూ మూడూ ఆవిడకి పట్టవు.
తలా పొట్టూ తోకా, తలా పొట్టూ తోకా,
అలా గొణుక్కుంటూ వేస్తుంది.
ఒక్కసారీ తప్పదు. నేనే తప్పుతాను.

నిన్న ధవళేశ్వరంలో నీరు పెరుగుతోందన్నారు.
మొదటి హెచ్చరిక పదకొండూ ముప్పావుకి.
రిజిస్టరు మూల పెన్సిల్‌తో ఊరికే కూడాను,
అయిదూ పదకొండు, నాలుగూ పది.
ఇద్దరం కలిపి పదీ ముప్పావు.
ఇంకా ఒక అడుగుంది.